మీ ఫోన్లు విన్నారని తెలిశాక: 294 మంది శాసనసభ్యులకు ఒక ట్రంక్ ఆపరేటర్ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులందరికీ నమస్కారం.

తెలంగాణలో 119 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది. కలిపితే 294. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నిక జరిగే స్థానాలూ అన్నే. రాష్ట్రం రెండయి పదేళ్లు దాటినా మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎందుకంటే ఫోన్లు వినడం అనే విషయంలో మీ రెండు సభలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నవే. మళ్లీ ఆ విషయంలో ఏమీ చేయకపోవడంలోనూ రెండూ ఒకటే.

నేనెవరో ముందు చెప్పాలి. 1983లో టెలిఫోన్ శాఖలో ట్రంక్ ఆపరేటర్‌గా చేరి, 2020 జనవరిలో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. మీలో నడివయసు దాటినవారికి నా ఉద్యోగం గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌కో మద్రాసుకో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసి, ఆర్డినరీయా అర్జెంటా లైట్నింగా చెప్పి, గంటల తరబడి కాచుకుని కూర్చునేవారు. అవతల నంబరు దొరగ్గానే త్రాడు ప్లగ్గు గుచ్చి రెండు గొంతులూ కలిపేది నేను. కలిపాక కీ వెనక్కి వేసేయాలి. వేయకపోతే మీ మాటలన్నీ నా చెవిలో పడతాయి. వేసినా సరే, మూడు నిమిషాలు కాగానే "టైమయిందండీ, పొడిగించమంటారా?" అని అడగడానికి మధ్యలో ఒకసారి చెవి పెట్టక తప్పదు.

అంటే మీ తరానికీ మీ ముందు తరానికీ సంబంధించిన చాలా గుట్లు నా చెవుల మీదుగానే వెళ్లాయి. పెళ్లి సంబంధం తప్పిపోయిన కబుర్లు విన్నాను. చావు కబుర్లయితే లెక్కే లేదు. అర్ధరాత్రి లైట్నింగ్ కాల్ వచ్చిందంటే నా గుండె ముందే జారిపోయేది. మాట్లాడేవాళ్లకు నేనున్నానని తెలుసు. కొందరు "ఆపరేటరమ్మా, కాస్త ఇంటి సంగతి మాట్లాడుకుంటాం" అని బతిమాలేవారు. నేను కీ వేసేసేదాన్ని. వేసిన టక్కుమనే చప్పుడు వాళ్లకు వినబడేది. అప్పుడు గాని మొదలుపెట్టేవారు కాదు.

ఉద్యోగంలో చేరేటప్పుడే మాకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో 26వ సెక్షన్ గురించి చెప్పారు. విన్నది బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. బ్రిటిష్ వాడు రాసిన చట్టం. ప్రజల మీద ప్రేమతో రాసింది కాదు. అయినా వినే మనిషికి పేరుండాలి, శిక్షుండాలి అన్న సంగతి మాత్రం అందులో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఒక కేసు నమోదైంది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలో కొందరు అధికారులు రాజకీయ నాయకుల మీద, వ్యాపారుల మీద, పాత్రికేయుల మీద నిఘా పెట్టారన్నది ఆరోపణ. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని, ముక్కలు మూసీలో పారేశారని పోలీసులు చెప్పారు. ఒక హైకోర్టు న్యాయమూర్తి ఫోన్ మీద కూడా నిఘా పెట్టారన్న వార్తలు వచ్చాక, తెలంగాణ హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఎవరు నేరం చేశారో, చేయలేదో తేల్చాల్సింది కోర్టులే. నేను ఎవరి పేరూ రాయను. నాకు వాళ్ల మీద కక్షా లేదు, వాళ్ల మీద కేసు పెట్టినవాళ్ల మీద భక్తీ లేదు.

నా కళ్లకు కట్టినట్టు నిలిచిపోయింది వేరే దృశ్యం. మీలాంటి ప్రజాప్రతినిధులనే ఆ కేసు చూస్తున్న ప్రత్యేక దర్యాప్తు బృందం, అదే సిట్, అధికారులు సాక్షులుగా పిలిచారు. మీ నంబరు కూడా జాబితాలో ఉందని చెప్పారు. బయటికొచ్చి మైకుల ముందు నిలబడ్డ కొందరి ముఖాలు టీవీలో చూశాను. కోపం ఉంది, రాజకీయం ఉంది, దాని కింద ఇంకోటి కూడా ఉంది. భార్యతో ఏం మాట్లాడానో, కూతురితో ఏం మాట్లాడానో, ఆసుపత్రికి ఎప్పుడు ఫోన్ చేశానో అని వెనక్కి వెళ్లి వెతుక్కునే చూపు అది. ఆ చూపు నాకు తెలుసు. ఎక్స్ఛేంజ్‌కి వచ్చి, "అమ్మా, నిన్న రాత్రి మా కాల్ నువ్వేనా కలిపింది?" అని నసిగేవాళ్ల కళ్లలో చూసేదాన్ని.

మీకు కనీసం పిలుపు వచ్చింది. మాకు రాదు.

రెండో రాష్ట్రం వాళ్లు ఇక్కడ చదవడం ఆపేయకండి. 2015 జూన్‌లో ఓటుకు నోటు గొడవ రాజుకున్నప్పుడు, హైదరాబాద్ ఇంకా ఉమ్మడి రాజధాని. తమ ముఖ్యమంత్రి ఫోన్ విన్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోపించింది. తెలంగాణ ప్రభుత్వం కాదంది. అక్కడ కేసులు, ఇక్కడ కేసులు, టెలికాం కంపెనీలకు నోటీసులు. కొన్నాళ్లకు ఆ హోరు చల్లారింది. ఆ హోరులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు ఒక రాష్ట్రంలో ఒక ఏడాదిలో ఎన్ని ఫోన్లు వినడానికి సంతకాలు పడతాయి? ఆనాడు దానికి జవాబు తెచ్చుకుని ఉంటే, పదేళ్ల తరవాత మీలో కొందరు సాక్షుల కుర్చీలో కూర్చునే అవసరం రాకపోయేదేమో.

సంతకం ఎలా పడుతుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఫైలు మీ దగ్గరికి రాదు కదా. 1885 చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2024 డిసెంబర్‌లో దానికింద కొత్త నిబంధనలు వచ్చాయి. పేర్లు మారాయి గాని ఎముకల గూడు పాతదే. రాష్ట్రంలో అయితే హోంశాఖ కార్యదర్శి ఆదేశమివ్వాలి. అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ముందు ఇచ్చేసి, ఏడు పనిదినాల్లో కార్యదర్శితో ధ్రువీకరించుకోవాలి. ఒక ఆదేశం 60 రోజులు నడుస్తుంది. పొడిగించుకుంటూ పోతే 180 రోజులు. ఆ ఆదేశాలు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఒక సమీక్షా కమిటీ. అందులో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోంశాఖ కాని మరో కార్యదర్శి. రెండు నెలలకోసారి కూర్చోవాలి.

మళ్లీ ఒకసారి చూడండి. అడిగేది ప్రభుత్వం కింది పోలీసు. ఇచ్చేది ప్రభుత్వ కార్యదర్శి. సరిచూసేది ప్రభుత్వ కార్యదర్శులే. ఆ ముగ్గురి బదిలీలూ ఒకే పెద్దమనిషి చేతిలో ఉంటాయి. మా ఊళ్లో దీన్ని కంచే చేను మేయడం అనరు. కంచెకే చేను రాసివ్వడం అంటారు.

కమిటీ మీద నాకు అనుమానం ఊరికే రాలేదు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ మీకు బాగా తెలుసు. 2010లో మన రాష్ట్రం విడగొట్టాలా వద్దా అని తిరిగి, ఆరు మార్గాలు రాసిచ్చిన కమిటీ ఆయనదే. ఆ తరవాత 2018లో వ్యక్తిగత సమాచార రక్షణ మీద కేంద్రానికి నివేదిక ఇచ్చింది కూడా ఆయన కమిటీయే. ఆ నివేదికలో ఒక అంకె ఉంది. సమీక్షా కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తోందట. తక్కువ అంకే తీసుకుందాం. కాఫీ తాగకుండా, భోజనానికి లేవకుండా ఎనిమిది గంటలు కూర్చున్నా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు కూడా రావు. నేను ట్రంక్ బోర్డు మీద ఒక నంబరు రాసుకోవడానికే అంతకంటే ఎక్కువసేపు పట్టేది. మన రాష్ట్రాల కమిటీలు ఎన్ని చూస్తాయి, ఎన్ని తిప్పిపంపాయి? మీకు తెలుసా? నాకు తెలియదు. నేను అడిగాను.

సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. పేర్లు అడగలేదు, నంబర్లు అడగలేదు, కారణాలు అడగలేదు. ఏడాదికి ఎన్ని అని ఒక్క అంకె అడిగాను. భద్రతా కారణాల వల్ల ఇవ్వలేమని జవాబొచ్చింది. అంకె తెలిస్తే ఏ ఉగ్రవాది ఎలా తప్పించుకుంటాడో నాకు అర్థం కాలేదు. అమెరికాలో మీ పిల్లలు, మీ నియోజకవర్గాల పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లనే అడగండి. అక్కడ నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే జడ్జి అనుమతి కావాలి. ఏడాదికి ఎన్ని అనుమతులు ఇచ్చారో కోర్టుల తరఫున ఏటా నివేదిక వేస్తారు. వినడం ముగిసిన 90 రోజుల్లో ఆ మనిషికి "మీ ఫోన్ విన్నాం" అని చెప్పాలి. ఆలస్యం చేయాలంటే మళ్లీ జడ్జినే అడగాలి. విదేశీ గూఢచర్యం పేరుతో అక్కడ జరిగిన ఘోరాలు వేరే ఉన్నాయి, వాళ్లని నెత్తిన పెట్టుకోమని నేననను. కానీ అంకె చెప్పినంత మాత్రాన ఆ దేశం కూలిపోలేదు.

ఇంకో సంగతి. అందరూ మూసీలో దొరికిన ముక్కల గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ వార్త వినగానే నిబంధనల పుస్తకం గుర్తొచ్చింది. విన్నవాటి రికార్డులు అవసరం తీరాక ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధనే చెబుతుంది. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. మనుషుల మాటలు ఏళ్ల తరబడి బీరువాల్లో మూలగకూడదు కదా. కానీ ఎవరూ చూడని గదిలో పద్ధతి ప్రకారం చెరిపేసినా, దొంగతనంగా చెరిపేసినా బయటికి కనబడేది ఒకటే, ఖాళీ. రేపు ఏ ప్రభుత్వంలోనైనా ఒక అధికారి తప్పు చేసి, ఆరు నెలలు ఓపిక పడితే చాలు. కట్టర్లు అక్కర్లేదు, మూసీ దాకా వెళ్లే శ్రమా అక్కర్లేదు. మీ కేసులో అతి తొందరపడ్డారు కనుక దొరికారేమో అని కూడా నాకనిపిస్తుంది.

ఒక పాత సంగతి చెబుతాను. తొంభైల మొదట్లో నేను పనిచేసిన ఎక్స్ఛేంజ్‌కి, ఊరు పేరు వద్దులెండి, ఒక పోలీసు అధికారి మఫ్టీలో వచ్చాడు. ఒక ఇంటి నంబరు ఇచ్చి, ఆ ఇంటికొచ్చే ట్రంక్ కాల్స్ వివరాలు రాసిపెట్టమన్నాడు. ఆ రోజుల్లో అడవుల్లోకి వెళ్లిన పిల్లల తల్లిదండ్రుల ఇల్లది. మా సూపర్వైజర్ పాతకాలం మనిషి, పోలీసులంటే భయమే. అయినా "కాగితం తెచ్చారా?" అన్నాడు. ఆ అధికారి ముఖం ఎర్రబడింది. "దేశం కోసం అడుగుతుంటే కాగితమేంటయ్యా" అన్నాడు. సూపర్వైజర్ టీ తెప్పించాడు, మళ్లీ అదే అడిగాడు. అతను టీ తాగి వెళ్లిపోయాడు. మూడు రోజులకు కాగితం వచ్చింది, సరైన సంతకంతో. మేం రాసిచ్చాం. దాని వల్ల ఆ ఇంటికి ఏమైందో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ సంగతి గొంతులో ముల్లులా ఉంటుంది. కాగితం వచ్చినంత మాత్రాన అది న్యాయమైపోలేదు. కానీ ఆ కాగితం మీద ఒక పేరుంది. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో ఒకడెవడో "ఇది అవసరమా?" అని ఆలోచించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఇప్పుడు మూడు రోజులూ అక్కర్లేదు, మాటలూ వినక్కర్లేదు. మీరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు చేశారో, అప్పుడు ఏ టవర్ కింద ఉన్నారో చెప్పే కాల్ డేటా రికార్డు చాలు. అర్ధరాత్రి రెండున్నరకు ఒక మనిషి కేన్సర్ డాక్టరుకి నలభై నిమిషాలు మాట్లాడితే ఏం మాట్లాడాడో వినాలా? ఒక ఎమ్మెల్యే ఎదుటి పార్టీ నాయకుడి ఇంటి టవర్ కింద మూడు గంటలు ఉంటే ఇంక చెప్పేదేముంది? ఈ కాల్ డేటాకి హోం కార్యదర్శి ఆదేశం అక్కర్లేదు, పైన చెప్పిన సమీక్షా కమిటీ కూడా చూడదు. 2013లో ఢిల్లీలో అరుణ్ జైట్లీ కాల్ డేటా అక్రమంగా బయటికి లాగారని తేలాక, ఎస్పీ స్థాయి అధికారి ద్వారానే అడగాలని కట్టడి పెట్టారు. ఆయన అప్పుడు రాజ్యసభలో ప్రతిపక్ష నేత. అంతటాయనకే దిక్కు లేదు.

"దాచుకోడానికేముందమ్మా, తప్పు చేయనివాడికి భయమెందుకు?" అని నా తమ్ముడే అంటాడు. వాడికి నేను జవాబు చెప్పను, వాడి ఫోన్ అడుగుతాను. ఇవ్వడు. కోర్టులు దీన్ని గోప్యత అంటాయి, ఇంట్లో మనం గుట్టు అంటాం. గుట్టుగా బతికాడంటే మనకది మెచ్చుకోలు మాట, దొంగ అని అర్థం కాదు. ఇంటి గుట్టు లంకకు చేటని సామెత చెప్పుకుంటాం. లంకంత రాజ్యమే గుట్టు పోతే నిలవలేదు, మామూలు మనిషి ఏం నిలుస్తాడు?

ఈ హక్కు ఢిల్లీ నుంచి దిగుమతి అయిందనుకునేవాళ్లు మీలో ఉంటే ఒక మాట. 1986లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభే స్టాంపుల చట్టాన్ని సవరించింది. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టారేమోనన్న అనుమానం ఉంటే, కలెక్టర్ ఎవరికైనా రాసిస్తే ఆ మనిషి బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల కాగితాలు తీసి చూడొచ్చు, పట్టుకుపోవచ్చు. అది చెల్లదని హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. మన కాగితం బ్యాంకులో ఉన్నంత మాత్రాన దాని గుట్టు పోదు, ఆ హక్కు మనిషిది గాని గోడలది కాదు అన్నది తీర్పు సారం. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ పేరుతో ఉన్న ఆ కేసును, గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్ట్ 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పులోనూ ప్రస్తావించారు. కేసు వేసి ఆ తీర్పు తెచ్చిన జస్టిస్ పుట్టస్వామి కూడా మనకు కొత్త మనిషి కాదు. మన బీసీ కమిషన్‌కి అధ్యక్షుడిగా ఉన్నాడని కాపు రిజర్వేషన్ల గొడవ గుర్తున్న వాళ్లకి తెలుసు. తొంభై దాటిన వయసులో ఆ తీర్పు విన్నాడాయన.

ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం మన గుట్టులోకి రావాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి ఒక్క అడుగు వేయకూడదు. ఇక హైదరాబాద్ వీధుల్లోకి రండి.

2021 అక్టోబర్‌లో ధూల్‌పేట, మంగళ్‌హాట్ వైపు పోలీసులు కుర్రాళ్లని ఆపి, ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతికారు. వీడియోలు అందరూ చూశారు. ఎవరినీ బలవంతపెట్టలేదని పోలీసులు అన్నారు. లాఠీ పట్టుకున్న మనిషి "కాస్త ఫోన్ చూపిస్తావా బాబూ" అంటే దానికి ఇష్టపూర్వకం అని పేరు పెట్టడం మన భాషకే అవమానం. అదే ఏడాది లాక్‌డౌన్‌లో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తని ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారు. ఎందుకు తీశారో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్లాడు. ముఖాలను గుర్తుపట్టే ఆ యంత్రాంగానికి చట్టం ఏదని అడిగాడు. 2022 జనవరిలో కోర్టు నోటీసులిచ్చింది. ఆ ఏడాది ఆగస్ట్‌లోనే బంజారాహిల్స్‌లో అయిదు టవర్ల కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. భవనం లేచినంత వేగంగా చట్టం లేవలేదు.

కెమెరాలే వద్దనను. మా కాలనీలో పక్కింటావిడ మెళ్లో గొలుసు లాక్కుపోతే, మూలమీది కెమెరా వల్లే దొంగ దొరికాడు. ఆ కెమెరాకి నేనూ చందా ఇచ్చాను. కానీ ఆ రికార్డు పెట్టె ఒకతని హాల్లో ఉండేది. కొన్నాళ్లకు కాలనీలో ఏ ఆడపిల్ల రాత్రి ఎన్నింటికి వచ్చిందో, ఎవరు దించారో కబుర్లు మొదలయ్యాయి. పెట్టెకి తాళం వేయించి, తాళం ఇద్దరి దగ్గర ఉండేలా చేయడానికి మాకు రెండు మీటింగులు పట్టాయి. నలభై ఇళ్ల కాలనీకి ఆ మాత్రం బుద్ధి పుట్టింది. వందమంది గుమిగూడే ప్రతి చోటా కెమెరా పెట్టాలని 2013లో ఉమ్మడి సభ చట్టం చేసింది. పెట్టమని చెప్పేటప్పుడు ఉన్న శ్రద్ధ, ఎవరు చూడొచ్చో ఎవరు చూడకూడదో చెప్పేటప్పుడు ఏమైంది?

గుట్టు అంటే డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు రేషన్ కార్డుల సంగతి చూడాలి. తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. రకరకాల శాఖల దగ్గరున్న మన వివరాలన్నీ కలిపి, పేరూ చిరునామా పోల్చి, వీడికి కారుంది, వీడికి ఇల్లుంది అని తేలుస్తుంది. అలా రిక్షా తొక్కే మనిషి పేరు, కారున్న ఇంకో మనిషి పేరుతో కలిసిపోయి కార్డు పోగొట్టుకున్న కుటుంబం ఉంది. రద్దయిన పందొమ్మిది లక్షల కార్డులనూ ఇళ్లకు వెళ్లి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తనిఖీల్లో వేలమంది అర్హులే అని తేలింది. 2014 ఆగస్ట్ 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే బస్సులు కిక్కిరిసి ఊళ్లకు వెళ్లాం, గుర్తుందా? ఇల్లెన్ని గదులో, జబ్బేమిటో అన్నీ చెప్పాం. మంచి జరుగుతుందని చెప్పాం. చెప్పిన మాట ఏ గదిలోకి వెళ్లి, ఏ మాటతో కలిసి, ఎవరి నోటి దగ్గర కూడు తీస్తుందో అడిగే హక్కు మాకుండాలి కదా.

కేంద్రం 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది కదా అంటారేమో. కంపెనీలు తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా వేస్తుందది. బాగుంది. కానీ 17వ సెక్షన్ కింద కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థ పేరైనా రాసి ఆ చట్టం నుంచే తప్పించొచ్చు. అదే చట్టం సమాచార హక్కులో 8(1)(జె)ని మార్చేసి, వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాటతో అధికారుల వివరాలకు తలుపు వేసింది. 2025 నవంబర్‌లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. మా గుట్టు వాళ్లకు తెరిచి, వాళ్ల గుట్టు మాకు మూసిన చట్టానికి రక్షణ అని పేరు!

టెలికాం కేంద్రం జాబితాలోది, మేమేం చేస్తాం అని మీరనొచ్చు. సగం నిజం. జడ్జి అనుమతి ఉండాలని చట్టం మార్చాల్సింది పార్లమెంటే. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్ మీద తీర్పిచ్చినప్పుడు ముందస్తు న్యాయ పరిశీలన పెట్టలేదు, కమిటీతో సరిపెట్టింది. ఆ కమిటీ ఏ పాటిదో పైన చెప్పాను. కానీ మీ సభలు తీర్మానం చేసి పంపడానికి అడ్డెవరు? ఎవరెవరికో సంతాపాలు, ఎన్నెన్నో అభినందనలు తీర్మానాలుగా చేస్తారు. ఇక పోలీసు శాఖ పూర్తిగా రాష్ట్రం జాబితాలోది. వీధిలో ఫోన్ ఎప్పుడు అడగొచ్చో, ముఖం ఫొటో ఎప్పుడు తీయొచ్చో, తీసింది ఎన్నాళ్లకు చెరిపేయాలో, కాల్ డేటా ఎవరు ఎందుకు తీసుకున్నారో రాసే పుస్తకం ఎవరు తనిఖీ చేయాలో మీరే చట్టం చేయొచ్చు. హోం కార్యదర్శి మీ రాష్ట్ర అధికారి. ఆయన ఏటా ఎన్ని సంతకాలు చేశాడో సభకు చెప్పమనడానికి ఏ ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.

రాజకీయంగా చెప్పాలంటే, 1988లో పక్కనే కర్ణాటకలో ఫోన్ల గొడవలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి వదిలేశాడు. 1991లో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు కనబడ్డ వివాదంలో ప్రధానమంత్రి చంద్రశేఖర్ రాజీనామా చేశాడు. ఇప్పుడు ఎవరూ దిగరు. ఎదుటివాళ్ల హయాంలో జరిగిందని చెప్పుకుంటే చాలు. ఆ హయాములు మారుతూనే ఉంటాయి. వినే గది మాత్రం అక్కడే ఉంటుంది, కుర్చీలు కూడా మార్చరు. ఈ రోజు అధికారంలో ఉన్నవారు మీలో చాలామంది ఉన్నారు. మీకు ఆ గది తాళాలు చేతికొచ్చాక దాని మీద కోపం తగ్గిందేమో అని నాకు భయం.

నేను అడిగేది చిన్నది. వచ్చే సమావేశాల్లో, రెండు సభల్లోనూ, ప్రశ్నోత్తరాల సమయంలో మీలో ఒక్కరు ఈ ప్రశ్న వేయండి. రాసే శ్రమ మీకు లేకుండా నేనే రాసిస్తున్నాను:

"గడచిన అయిదు సంవత్సరాలలో, ఏడాదివారీగా, ఫోన్ సంభాషణలు వినడానికి హోంశాఖ కార్యదర్శి జారీ చేసిన ఆదేశాలు ఎన్ని? అత్యవసర పద్ధతిలో పోలీసు అధికారులు ముందుగా ఇచ్చినవి ఎన్ని, వాటిలో ధ్రువీకరణ రానివి ఎన్ని? సమీక్షా కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని ఆదేశాలు రద్దు చేసింది? పోలీసులు కోరిన కాల్ డేటా రికార్డులు ఎన్ని?"

పేర్లు అక్కర్లేదు. అధికార పక్షం వాళ్లు వేస్తే మరీ మంచిది. అసెంబ్లీ సమావేశాలు నేను టీవీలో మొదటి నుంచి చివరి దాకా చూస్తాను, ముప్ఫై ఆరేళ్లు చెవులతో పని చేసిన అలవాటు.

ఇట్లు,
ఒకప్పటి ట్రంక్ ఆపరేటర్